ఫ్లాప్ తీసేసి హాట్ ఫిల్మ్ పెడితే: పాత ఇంజన్‌కి కొత్త గాలి సెన్సర్ కథ

1970ల నడుమ నుంచి 1990ల మొదటిదాకా వచ్చిన పెట్రోల్ ఇంజెక్షన్ కార్లలో చాలావాటికి బానెట్ ఎత్తగానే, ఎయిర్ ఫిల్టర్ డబ్బాను ఆనుకుని నల్ల ప్లాస్టిక్ మూత ఉన్న అల్యూమినియం పెట్టె ఒకటి కనిపిస్తుంది. పోర్షే 944, పోర్షే 911 కరేరా 3.2, బీఎండబ్ల్యూ ఈ30 325ఐ, డాట్సన్ 280జెడ్, మొదటి 1.6 లీటర్ మాజ్డా ఎంఎక్స్-5... ఇంజన్లు వేరు, తయారీదారులు వేరు, ఆ పెట్టె పనిచేసే పద్ధతి మాత్రం ఒకటే. దాని పేరు ఎయిర్‌ఫ్లో మీటర్. ఇంజన్ ఎంత గాలి పీలుస్తోందో అది కొలిచి కంప్యూటర్‌కి చెబుతుంది. కంప్యూటర్ దాన్నిబట్టి పెట్రోల్ వదులుతుంది. పాత కార్ల మీద మోజున్నవాళ్లు ముందుగా పీకి అవతల పడేయాలనుకునేది కూడా సాధారణంగా ఆ పెట్టెనే.

దాని చోట గాలి బరువునే కొలిచే ఈ కాలపు మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ పెడితే పికప్ పెరుగుతుందనీ, ఐడిలింగ్ కుదురుతుందనీ, మైలేజీ బాగుపడుతుందనీ కిట్లు అమ్మేవాళ్లు చెబుతుంటారు. అందులో కొంత నిజం లేకపోలేదు. అయితే సెన్సర్ మార్చడం ఈ పనిలో తేలిక భాగం. పాత ఫ్లాప్‌కున్న లోపాలన్నిటినీ లెక్కలో వేసుకుని తయారైన కంప్యూటర్ ఇంకా అక్కడే కూర్చుని ఉంటుంది, దాన్ని ఒప్పించడమే అసలు పని. ఇది అర్థం కాకుండా మొదలుపెట్టిన కార్లు నెలల తరబడి మిస్సింగ్‌తో షెడ్లలో పడి ఉంటాయి.

ముందు పాత పెట్టె లోపల ఏముందో చూద్దాం. గాలి వెళ్లే దారికి అడ్డంగా స్ప్రింగు బిగించిన ఒక లోహపు ఫ్లాప్ ఉంటుంది. ఇంజన్ గాలి లాగినప్పుడు అది తెరుచుకుంటుంది, స్ప్రింగు వెనక్కి లాగుతుంది. రెండు బలాలూ సరితూగిన చోట నిలుస్తుంది. దాని ఇరుసుకి తగిలించిన చిన్న లోహపు వేలు ఒకటి నల్ల మూత కింద ఉన్న సిరామిక్ పలక మీది రెసిస్టర్ పట్టీని రాసుకుంటూ తిరుగుతుంది. ఫ్లాప్ ఎంత తెరుచుకుంటే వోల్టేజీ అంత మారుతుంది. పాత రేడియో వాల్యూమ్ నాబ్ లోపల ఉండేదీ ఇలాంటి ఏర్పాటే. బాష్ కంపెనీ ఎల్-జెట్రానిక్ పేరుతో తెచ్చిన ఈ పద్ధతినే ఆ తర్వాత చాలామంది తయారీదారులు తీసుకున్నారు.

దీనికి వచ్చే రోగాలు తెలిసినవే. ఏళ్ల తరబడి ఐడిలింగ్ దగ్గరా, ఒకే వేగంతో పోయే దగ్గరా ఆ వేలు అదే చోట ఆడి ఆడి పట్టీ అరిగిపోతుంది. యాక్సిలరేటర్ కొంచెం నొక్కినప్పుడు బండి ఒక్క క్షణం తడబడి మళ్లీ అందుకుంటుంటే అనుమానించాల్సిన చోట్లలో ఇదొకటి. ఇన్‌టేక్‌లో బ్యాక్‌ఫైర్ అయితే ఫ్లాప్ వంగే ప్రమాదం ఉంది. ఇంతకుముందున్న ఓనరు మూత తీసి, లోపలి పళ్లచక్రం నాలుగు పళ్లు తిప్పి స్ప్రింగు వదులు చేసి ఉండొచ్చు. అప్పుడు అదే గాలికి ఫ్లాప్ ఎక్కువ తెరుచుకుని మిక్స్చర్ రిచ్ అవుతుంది, అంటే గాలికి మించి పెట్రోల్ పడుతుంది (తక్కువ పడితే లీన్). మూత చుట్టూ మళ్లీ పూసిన సీలెంట్ కనబడితే ఎవరో లోపల చెయ్యి పెట్టారనే అర్థం.

ఇవన్నీ అరుగుదల, చేతివాటం సమస్యలు. వీటికన్నా ముఖ్యమైన లోపం పుట్టుకతోనే ఉంది.

ఫ్లాప్ కొలిచేది గాలి బరువు కాదు

పెట్రోల్ మండటానికి కావలసింది గాలి బరువు లెక్క. 1 గ్రాము పెట్రోల్‌కి సుమారు 14.7 గ్రాముల గాలి. లీటర్ల లెక్క ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే వేడి గాలి లీటరు తేలిక, చల్లగాలి లీటరు బరువు. ఫ్లాప్‌ని తోసే బలం గాలి సాంద్రత మీదా, వేగం వర్గం మీదా ఆధారపడుతుంది. అందువల్ల దాని కొలత పూర్తిగా లీటర్లూ కాదు, పూర్తిగా గ్రాములూ కాదు. సాంద్రత తగ్గితే బరువు ఎంత తగ్గుతుందో ఫ్లాప్ చూపే అంకె అంత తగ్గదు, దాని వర్గమూలం మేరకే తగ్గుతుంది.

సముద్రమట్టం నుంచి 2000 మీటర్ల ఎత్తుకి వెళ్తే గాలి సాంద్రత సుమారు 82 శాతానికి పడిపోతుంది. ఇంజన్‌కి అందే గాలి బరువు కూడా అంతే. ఫ్లాప్ మాత్రం 0.82కి వర్గమూలం, అంటే దాదాపు 91 శాతం అని చెబుతుంది. కంప్యూటర్ 91కి సరిపడా పెట్రోల్ పోస్తుంది, ఉన్న గాలి 82. అంటే మిక్స్చర్ 10 శాతం రిచ్. ఘాట్ రోడ్డెక్కిన పాత కారు పొగ వాసన కొడుతూ బద్ధకించడం వెనక ఇదొక కారణం. ఈ తేడాని సరిచేయడానికి కొన్ని కార్లలో విడిగా ఆల్టిట్యూడ్ సెన్సర్ పెట్టారు. ఉష్ణోగ్రత తేడా కోసమైతే పెట్టె నోట్లోనే చిన్న థర్మిస్టర్ (వేడిని బట్టి రెసిస్టెన్స్ మారే ముక్క) ఉంటుంది. చాలా బాష్ వ్యవస్థల్లో దాని రెసిస్టెన్స్ 20 డిగ్రీల దగ్గర 2.5 కిలోఓమ్‌ల చుట్టుపక్కల ఉంటుంది. ఈ అంకెతో తర్వాత పనుంది.

హాట్ వైర్ సెన్సర్ దారి వేరు. గాలిలో సన్నని ప్లాటినం తీగ ఉంటుంది, మందం 0.07 మిల్లీమీటర్లు. దాన్ని కరెంటుతో వేడిచేసి, లోపలికి వచ్చే గాలి కన్నా ఎప్పుడూ ఒక నిర్ణీత తేడాతో వేడిగా ఉంచుతారు. గాలి ఎక్కువ పోతే తీగ ఎక్కువ చల్లబడుతుంది, వేడి నిలపడానికి ఎక్కువ కరెంటు కావాలి. ఆ కరెంటే కొలత. చల్లబరిచేవి గాలి అణువులు కాబట్టి గాలి పలచబడితే చల్లదనమూ తగ్గుతుంది. ఎత్తు, ఎండ, చలి అన్నీ ఆ లెక్కలోనే వచ్చేస్తాయి, విడిగా సవరణలు అక్కర్లేదు. కదిలే భాగం లేదు కాబట్టి అరిగేదీ లేదు. బాష్ దీన్ని ఎల్‌హెచ్-జెట్రానిక్‌గా 1980ల మొదట్లోనే వోల్వో 240 లాంటి కార్లలో తెచ్చింది. మాజ్డా ఎంఎక్స్-5 కూడా 1.6 నుంచి 1.8 ఇంజన్‌కి మారినప్పుడు ఫ్లాప్ వదిలేసి హాట్ వైర్‌కే వెళ్లింది.

హాట్ వైర్ మీద దుమ్ము పేరుకుంటే చల్లబడే తీరు మారిపోతుంది. అందుకే ఆ కార్లలో ఇంజన్ ఆపాక తీగని ఒక్క సెకను సుమారు 1000 డిగ్రీలకి ఎర్రగా కాల్చి మసి వదిలించేవారు. ఆ కాల్చే ఆదేశం కంప్యూటర్ నుంచే రావాలి. మీ పాత కంప్యూటర్‌కి ఆ సంగతే తెలియదు. కాబట్టి మార్పిడికి తీగ రకం కన్నా తర్వాత వచ్చిన హాట్ ఫిల్మ్ రకం (తీగ బదులు పలచని పొర ఉండేది) మేలు, దానికి ఈ కాల్చే పని ఉండదు.

సెన్సర్ చెప్పేది కంప్యూటర్‌కి అర్థం కావాలి

ఇక అసలు చిక్కు. కొత్త సెన్సర్ వైర్లు పాత కనెక్టర్‌కి కలిపేస్తే ఇంజన్ స్టార్టయినా సరిగా నడవదు. వోల్టేజీ ఆకారమే వేరు. తొలి ఎల్-జెట్రానిక్ మీటర్లలో గాలి పెరిగేకొద్దీ సిగ్నల్ వోల్టేజీ తగ్గుతుంది. తర్వాతి వాటిలో పెరుగుతుంది. చాలావాటిలో మీటర్‌కి ఇచ్చే సరఫరా బ్యాటరీ వోల్టేజీతో పాటు మారుతుంది, కంప్యూటర్ చూసేది సిగ్నల్‌కీ సరఫరాకీ ఉన్న నిష్పత్తిని. సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ 9 వోల్టులకి పడిపోయినా ఫ్లాప్ మీటర్ నిష్పత్తి తప్పదు. మాస్ సెన్సర్ మాత్రం 0 నుంచి 5 వోల్టుల మధ్య సొంత లెక్కలో మాట్లాడుతుంది. కొన్ని రకాలైతే వోల్టేజీ కూడా ఇవ్వవు, గాలి పెరిగేకొద్దీ పెరిగే ఫ్రీక్వెన్సీ ఇస్తాయి.

అందుకే రెండిటి మధ్యా దుబాసీలా ఒక చిన్న ఎలక్ట్రానిక్ పెట్టె కావాలి. అది కొత్త సెన్సర్ మాట విని, "ఇంత గాలికి పాత ఫ్లాప్ అయితే ఏ వోల్టేజీ చూపించేది" అని పట్టికలో వెతికి, ఆ వోల్టేజీని పాత కంప్యూటర్‌కి వినిపిస్తుంది. కిట్ మంచిదా కాదా అన్నది సెన్సర్ బ్రాండ్‌లో లేదు, ఈ పట్టికలో ఉంది. పట్టిక మీ కారు మోడల్‌కి, మీ ఇంజన్‌కి సరిపడేలా మార్చుకునే వీలు లేని కిట్ ఎంత చవకైనా నేనైతే దాని జోలికి పోను.

పట్టిక సరిగ్గా కుదిరినా ఫ్లాప్ చాటుగా చేసే పనులు కొన్ని మిగిలిపోతాయి. వాటిలో నాకు బాగా నచ్చేది దాని ఊపు. మీరు యాక్సిలరేటర్ ఠక్కున తొక్కితే ఫ్లాప్ తన బరువు కొద్దీ ఆగాల్సిన చోటు దాటి కాస్త ముందుకు ఊగి వెనక్కి వస్తుంది. ఆ క్షణం కంప్యూటర్‌కి గాలి ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది, పెట్రోల్ కొంచెం ఎక్కువ పడుతుంది. పికప్ అందుకోవడానికి ఆ అదనపు చుక్కే కావాలి! ఇంజనీర్లు ఈ కొలత లోపాన్ని కావాలనే వాడుకున్నారు. కొత్త సెన్సర్ కొన్ని మిల్లీసెకన్లలో నిజం చెప్పేస్తుంది, ఊపు ఉండదు. దాంతో ఎంతో ఖచ్చితమైన సెన్సర్ పెట్టాక కూడా యాక్సిలరేటర్ తొక్కగానే బండి ఒక్కసారి ముక్కుతుంది. దుబాసీ పెట్టెలో ఆ ఊపుని కృత్రిమంగా కలిపే ఏర్పాటు ఉండాలి. లేకపోతే "పాతదే నయం కదా" అనిపించే రోజు వస్తుంది.

ఇందాకటి థర్మిస్టర్ సంగతి. పాత కంప్యూటర్ ఇంకా గాలి ఉష్ణోగ్రత చూసి పెట్రోల్ సవరిస్తూనే ఉంటుంది. కొత్త సెన్సర్ ఆ తేడాని ముందే లెక్కేసి పంపింది కనక సవరణ రెండుసార్లు జరుగుతుంది, చలిలో రిచ్, ఎండలో లీన్. అందుకే ఆ పిన్నుల మధ్య 20 డిగ్రీలకి సమానమైన స్థిర రెసిస్టర్ ఒకటి పెట్టి, కంప్యూటర్ దృష్టిలో వాతావరణం ఎప్పుడూ హాయిగా ఉందనిపిస్తారు. ఆల్టిట్యూడ్ సెన్సర్ ఉన్న కారైతే దాన్నీ ఇలాగే సముద్రమట్టం దగ్గర కట్టేయాలి. రెసిస్టర్ విలువ ఊహించకుండా మీ కారు సర్వీస్ మాన్యువల్లో చూసుకోవాలి.

తర్వాతది ప్రాణాలకి సంబంధించింది. చాలా పాత ఫ్లాప్ మీటర్లలో ఫ్యూయల్ పంపు స్విచ్ దాగి ఉంటుంది. ఇంజన్ ఆగి ఫ్లాప్ మూసుకుంటే పంపుకి కరెంటు పోతుంది. యాక్సిడెంట్‌లో ఇంజన్ ఆగిపోయినప్పుడు తెగిన పైపులోంచి పెట్రోల్ చిమ్మకుండా ఉండటానికి చేసిన ఏర్పాటది. మీటర్ తీసేశాక బండి స్టార్ట్ కాదు, అప్పుడు ఆ రెండు వైర్లూ ముడేసేస్తారు. బండి స్టార్టవుతుంది, అందరూ సంతోషం. ఇక అప్పట్నుంచి ఇగ్నిషన్ ఆన్‌లో ఉన్నంతసేపూ, ఇంజన్ ఆగినా, బండి బోల్తా పడినా పంపు తిరుగుతూనే ఉంటుంది. ఇగ్నిషన్ పల్స్‌లు ఆగగానే పంపు ఆపే రిలే పెట్టకుండా ఈ మార్పిడి పూర్తయిందనడం కుదరదు. దీనికి మినహాయింపు లేదు.

మీ కారులో ఉన్నది ఎల్-జెట్రానికా, మోట్రానికా అన్నది కూడా పెద్ద తేడా. ఎల్-జెట్రానిక్ పెట్రోల్ ఒక్కటే చూసుకుంటుంది, స్పార్క్ టైమింగ్ డిస్ట్రిబ్యూటర్ వ్యవహారం. మోట్రానిక్‌లో గాలి సిగ్నల్‌నే ఇంజన్ మీదున్న లోడుగా తీసుకుని టైమింగ్ కూడా నిర్ణయిస్తారు. పెద్ద ఇంజెక్టర్లు వేసి, పెట్రోల్ ఎక్కువ కాకుండా గాలి సిగ్నల్‌ని తగ్గించి చూపించారనుకోండి. కంప్యూటర్ "లోడు తక్కువే" అనుకుని స్పార్క్‌ని ముందుకు జరుపుతుంది. నిజానికి సిలిండర్ నిండా మిక్స్చర్ ఉంది. నాకింగ్ (మిక్స్చర్ అదుపు తప్పి పేలినట్టు మండటం) అక్కడే పుడుతుంది, పిస్టన్లు అక్కడే పోతాయి. మిక్స్చర్ అంకెలన్నీ బాగున్నా ఇంజన్ ఎందుకు పాడైందో తెలియక తల పట్టుకునే కేసుల్లో ఇదొకటి.

ఎక్కడ, ఎలా బిగించాలి

సెన్సర్ గాలి మొత్తాన్ని కొలవదు. పైపు మధ్యలో వెళ్లే కొంత గాలిని చూసి మొత్తం ఎంతో అంచనా వేస్తుంది. కాబట్టి పైపు వ్యాసం కొలతలో భాగమే. 63 మిల్లీమీటర్ల పైపు కోసం తయారైన సెన్సర్ ముక్కని 76 మిల్లీమీటర్ల పైపులో పెడితే వైశాల్యం దాదాపు 45 శాతం పెరుగుతుంది. అదే వోల్టేజీకి అసలు గాలి దాదాపు అంత ఎక్కువ పోతున్నట్టు. పట్టిక మార్చకుండా పైపు మాత్రం మార్చిన ఇంజన్ ప్రమాదకరంగా లీన్ అవుతుంది. సెన్సర్‌ని దాని సొంత హౌసింగ్‌తోనే తెచ్చుకోవడం మంచిదనేది ఇందుకే.

వంపు దాటిన వెంటనే సెన్సర్ పెడితే గాలి ఒక పక్కకి ఒరిగి వస్తుంది, కొలత తప్పుతుంది. ముందు కొంత దూరం సూటి పైపు ఉండాలి, హౌసింగ్ నోట్లో వచ్చే జాలీని "గాలికి అడ్డం" అని పీకేయకూడదు. అది గాలిని క్రమంలో పెట్టడానికే ఉంది. నూనె రాసే రకం ఫిల్టర్ వాడితే నూనె తుంపర ఫిల్మ్ మీద చేరుతుంది. థ్రాటిల్‌కి మరీ దగ్గరగానూ వద్దు. రేసింగ్ క్యామ్ ఉన్న ఇంజన్లు తక్కువ స్పీడులో గాలిని వెనక్కి తన్నుతాయి, ఆ గాలి సెన్సర్ మీదుగా వెనక్కి వెళ్లి మళ్లీ లోపలికి వచ్చి రెండుసార్లు లెక్కకెక్కుతుంది. అలాంటి ఇంజన్లకి ఐడిలింగ్‌లో వెనుక గాలిని గుర్తించగల సెన్సర్ కావాలి, లేదా గాలి సెన్సర్ ఆలోచనే మానుకుని మానిఫోల్డ్ పీడనంతో నడిచే కొత్త కంప్యూటర్‌కి వెళ్లడం నయం.

సెన్సర్ దాటాక దొంగదారిన దూరే గాలి మరో తలనొప్పి. పగిలిన రబ్బరు బూటు, వదులైన ఆయిల్ డిప్‌స్టిక్, ఆయిల్ మూత వాషర్, క్రాంక్‌కేస్ బ్రీదర్ పైపు, ఐడిల్ వాల్వ్ గొట్టం. వీటిలో ఏ ఒక్కటి లీకైనా లెక్కకి రాని గాలి లోపలికి వెళ్లి లీన్ చేస్తుంది. బ్రీదరూ ఐడిల్ వాల్వూ సెన్సర్‌కీ థ్రాటిల్‌కీ మధ్యే గాలి తీసుకోవాలి. నిజం చెప్పాలంటే "ఎయిర్‌ఫ్లో మీటర్ పోయింది" అని తీర్పిచ్చిన పాత కార్లలో చాలావాటికి రోగం ఈ రబ్బర్లలోనో, కూలెంట్ సెన్సర్లోనో, ఫ్యూయల్ ప్రెజర్లోనో ఉంటుంది. పొగ పెట్టి లీకులు పరీక్షించడం ముందు చేయాల్సిన పని. అవి సరిచేస్తే కిట్ అవసరమే లేకపోవచ్చు.

ఎర్త్ వైర్ల గురించీ చెప్పాలి, ఎందుకంటే హాట్ వైర్, హాట్ ఫిల్మ్ సెన్సర్ల వోల్టేజీకీ గాలికీ సంబంధం సూటిగా ఉండదు. పైన ఎక్కువ గాలి దగ్గర వోల్టేజీలో 1 శాతం తప్పు గాలి లెక్కలో సుమారు 4 శాతమో అంతకన్నా ఎక్కువో తప్పవుతుంది. 4 వోల్టుల సిగ్నల్ దగ్గర తుప్పు పట్టిన ఎర్త్ పాయింట్ 50 మిల్లీవోల్టులు తినేస్తే అది 1.25 శాతం, అంటే మిక్స్చర్‌లో 5 శాతానికి పైనే తేడా. ముప్పయ్యేళ్ల నాటి వైరింగ్‌లో 50 మిల్లీవోల్టులు పోవడం వింతేమీ కాదు. సెన్సర్ సిగ్నల్ ఎర్త్‌ని బాడీకి కాకుండా నేరుగా కంప్యూటర్ ఎర్త్‌కే తీసుకెళ్లాలి.

మరి పవర్ ఎంత పెరుగుతుంది?

స్టాక్ ఇంజన్‌కి, అంటే కంపెనీ ఇచ్చినట్టే ఉన్నదానికి, పెద్దగా ఏమీ పెరగదు. ఫ్లాప్ గాలికి అడ్డమే, కాదనలేం, కానీ ఎంత అడ్డమో ఇంట్లోనే కొలుచుకోవచ్చు. పారదర్శకమైన ట్యూబును ఇంగ్లీషు యూ అక్షరంలా వంచి నీళ్లు పోసి, ఒక కొస ఫ్లాప్‌కి ముందూ రెండోది తర్వాతా కలిపి, ఫుల్ థ్రాటిల్‌లో నీటి మట్టాల తేడా పక్క సీట్లో కూర్చున్నవాళ్లని చూడమనండి. 10 సెంటీమీటర్ల తేడా అంటే 1 కిలోపాస్కల్. వాతావరణ పీడనం సుమారు 100 కిలోపాస్కల్స్. అంటే ఆ అడ్డు పూర్తిగా తీసేసినా దక్కేది 1 శాతం చుట్టుపక్కలే. పది, పదిహేను హార్స్‌పవర్ అని చెప్పే ప్రకటనల్లో ఎక్కువ భాగం మిక్స్చర్ సరిచేయడం వల్ల వచ్చిందే, పైపు వెడల్పు వల్ల కాదు. పాత మీటర్‌ని సరిగ్గా సెట్ చేసినా అందులో చాలావరకు వచ్చేది.

ఇంజన్ పెంచినవాళ్ల సంగతి వేరు. 2.5 లీటర్ ఇంజన్ 6000 ఆర్‌పీఎం దగ్గర 85 శాతం నిండితే గంటకి దాదాపు 460 కిలోల గాలి పీలుస్తుంది. దాన్ని 3 లీటర్లు చేసి ఇంకా పైకి తిప్పితే గాలి 550 దాటుతుంది. పాత ఫ్లాప్ ఎక్కడో మధ్యలోనే పూర్తిగా తెరుచుకుని గోడకి ఆనిపోతుంది. ఆ తర్వాత గాలి ఎంత పెరిగినా కంప్యూటర్‌కి తెలియదు, పైన లీన్ అవుతుంది. ఇలాంటి ఇంజన్‌కి మాస్ సెన్సర్ సోకు కాదు, అవసరం. ఎత్తైన కొండదారుల్లో తరచూ తిరిగేవాళ్లకీ, అరిగిన మీటర్‌కి స్పేరు దొరకనివాళ్లకీ ఇది తెలివైన పనే. పట్టీ కాస్త అరిగిన స్టాక్ కారుకైతే పలకని ఒక వెంట్రుకవాసి జరిపి, వేలు అరగని చోట రాసుకునేలా చేసే పాత చిట్కా ఇప్పటికీ పనిచేస్తుంది.

ట్యూనింగ్‌కి వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ తప్పనిసరి, పొగగొట్టంలో ఉండి మిక్స్చర్ ఎంత రిచ్చో, ఎంత లీనో అంకెల్లో చెప్పేది అదే. ప్లగ్గు రంగు చూసి ఊహించే పని కాదిది. కారులో ముందే నారోబ్యాండ్ సెన్సర్ (రిచ్చా, లీనా అన్నది మాత్రమే చెప్పేది) ఉంటే పట్టిక సరిచేసేటప్పుడు దాన్ని విప్పేయాలి, లేకపోతే కంప్యూటర్ మీ తప్పుల్ని లోలోపల సవరించేస్తూ కప్పిపెడుతుంది. మొదట అంతటా కొంచెం రిచ్‌గా ఉంచి మొదలుపెట్టండి. ఐడిలింగ్, మామూలు వేగం దగ్గర గాలి-పెట్రోల్ నిష్పత్తి 14.7 చుట్టూ కుదిరాక, ఫుల్ థ్రాటిల్‌ని రిచ్ వైపు నుంచి మెల్లగా 12.5, 13 మధ్యకి తీసుకురండి. పాత మీటర్‌లో ఐడిల్ సరిచేసే బైపాస్ స్క్రూ ఉండేది, ఇప్పుడు ఆ పని దుబాసీ పెట్టె పట్టికలోని మొదటి రెండు మూడు గళ్లు చేయాలి. ఎక్కువ సమయం తినేవీ అవే. ఐడిలింగ్‌లో ఇంజన్ పీల్చేది సెకనుకి మూడు గ్రాముల చుట్టూ గాలి, దానికి పెట్రోల్ 0.2 గ్రాములు. అక్కడ ఒక గడి కొంచెం అటూ ఇటూ అయినా ఇంజన్ ఊగిపోతుంది. కాబట్టి ఆ గళ్లు ఇంజన్ పూర్తిగా వేడెక్కాక, ఫ్యాన్ ఒకసారి తిరిగి ఆగాకే ముట్టుకోండి. హెడ్‌లైట్లు వేసి ఒకసారి, ఆపి ఒకసారి చూడండి. పాత మీటర్‌ని, దాని కనెక్టర్‌ని మాత్రం కోయకుండా అలాగే దాచండి. కొత్త వైరింగ్ పాత సాకెట్‌లో దూరే అడాప్టర్ ద్వారానే వెళ్తే, ఎప్పుడైనా అరగంటలో వెనక్కి మార్చుకోవచ్చు, కొనేవాళ్లు ఒరిజినల్ అడిగినా చూపించొచ్చు.